ఉక్కుకు అక్షరాలెన్ని? – మా భిలాయి యాత్ర

మన ఉక్కునగరం వారిలో భిలాయి చూడనివారు తక్కువ. శిక్షణకని వెళ్ళినవారు, పని మీద వెళ్ళినవారు, ఆడపిల్లనిచ్చి వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. కనుక అక్కడి కొలుముల వర్ణనతో, 1972లో నెలకొల్పిన మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాల వర్ణనతో పాఠకుల సమయాన్ని హరించదలచుకోలేదు. భిలాయి మనకు పెద్దన్న వంటిదన్న సంగతి విదితమే. 1955 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వంతో జరిగిన ఒప్పందంతో అది పుట్టింది. 1979లో అదే దేశంతో కుదిరిన ఒప్పందం ఫలితంగా మన కర్మాగారం రూపొందింది. మేము ఈసారి చూచి వచ్చినది మరొకటి. అది ఏ యాత్రాదర్శినిలోనూ లేదు. 5వ సెక్టారులో ఒక క్వార్టరు వెనుకనున్న రేకుల గది అది.

మేమంటే మా దంపతులము, ఇంజనీరింగు రెండవ సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి. 2024 సెప్టెంబరులో విశాఖపట్నం – దుర్గ్ నడుమ వందే భారత్ బండి మొదలైన నాటి నుంచి, భిలాయిలోని మా పెద్దన్నయ్యగారు రమ్మని పోరుతూనే ఉన్నారు. మధ్యాహ్నం విశాఖలో ఎక్కితే విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాత్రికి దుర్గ్ చేరవచ్చు. పార్వతీపురం దాటాక కొండలు మొదలవుతాయి. సొరంగం వచ్చినప్పుడల్లా మా శ్రీమతి మాట ఆపి, వెలుతురు రాగానే ఆపిన చోటి నుంచే అందుకొనేది.

మా అన్నయ్య 1972లో శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ట్రంకుపెట్టెతో ఈ దారినే భిలాయి వెళ్ళారు. ఆయన వెళ్ళింది మధ్యప్రదేశ్‌కు. 2010లో పదవీ విరమణ చేసింది ఛత్తీస్‌గఢ్‌లో. 2000 నవంబరు 1న రాష్ట్రమే మారింది గాని ఆయన సెక్టారు మారలేదు. ఇప్పుడు కొడుకు కూడా అదే ప్లాంటులో ఉద్యోగి కావడంతో క్వార్టరు అతని పేర ఉంది. భిలాయిలో తెలుగువారి సంఖ్య చిన్నది కాదు. బాలాజీ గుడికి వెళ్ళినప్పుడు అరగంట సేపు తెలుగు తప్ప మరో భాష మా చెవిన పడలేదు. అయితే మూడవ తరానికి తెలుగు మాట వచ్చును, రాత రాదు. మా అన్నయ్య మనవడూ అంతే. “చిన్నతాతగారూ, కాఫీ తాగారా?” అని చక్కగా అడుగుతాడు. గోడమీది తెలుగు కాలెండరులో పండుగ ఎప్పుడో మాత్రం తాతగారు చదివి చెప్పవలసినదే.

ఆ మనవడే ఆ రేకుల గదికి పెద్ద. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు అక్కడ ‘పైథాన్’ అనే కంప్యూటరు భాష నేర్చుకొనేవారు చేరుతారు. మేము వెళ్ళిన ఆదివారం నాడు పదహారుగురున్నారు. దుర్గ్‌లోని ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు కొందరు, పాలిటెక్నిక్ వారు కొందరు. ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చిన యువ టెక్నీషియను ఒకరు. భార్య నడిపే కుట్టుపని లెక్కలు కంప్యూటరులో వేయాలని ఆయన పట్టుదల. అందరికీ కలిపి ల్యాప్‌టాప్‌లు ఏడు. లేనివారు చేతిఫోనులోనే ప్రోగ్రాము రాసుకొంటున్నారు. మాటలన్నీ హిందీలో, నడుమ నడుమ ఛత్తీస్‌గఢీలో. రుసుము లేదు. గురువంటూ ఒకరు లేరు. ఒకటే నియమం: పోయిన వారం నేర్చినవాడు ఈ వారం కొత్తగా వచ్చినవాడికి అది నేర్పాలి. నేర్పలేకపోతే తానూ మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాలి.

ఈ భాష సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. నెదర్లాండ్స్ దేశస్థుడైన గీడో వాన్ రోసమ్ దీనిని 1991లో లోకానికి విడుదల చేశారు. పేరు చూచి కొండచిలువ అనుకోరాదు. ఆయన మెచ్చిన ‘మాంటీ పైథాన్’ అనే బ్రిటిష్ టెలివిజన్ హాస్య కార్యక్రమం పేరు అది. దీనిని ఎవరైనా వెల లేకుండా వాడుకోవచ్చు, లోపలి భాగాలు విప్పి చూడవచ్చు, బాగుచేయవచ్చు. అందువల్లనే కాబోలు, ఊరూరా దీని వాడుకదారులు తమంత తామే గుమికూడి ఒకరికొకరు నేర్పుకోవడం రివాజయింది. మన దేశంలో వీరందరూ కలిసే ‘పైకాన్ ఇండియా’ అనే సభ 2009లో బెంగుళూరులో మొదలైంది. 2023లో హైదరాబాదులో జరిగింది. ఏర్పాట్లు చూచేది స్వచ్ఛంద సేవకులే. అయితే అవి మహానగరాల సంగతులు. ఉద్యోగం మారినా ఊరు మారనక్కరలేని చోట సంఘం నిలబడటం పెద్ద విశేషం కాదు. భిలాయి వంటి ఊళ్ళో కష్టం వేరుగా ఉంటుంది. ఆ కష్టం మాకు మొదటి రోజున కనిపించలేదు.

మొదటి రోజున కనిపించినది తమాషా. మాకు మర్యాద చేయాలని కాబోలు, మనవడు తెరమీద ‘తెలుగు’ అని టైపు చేసి, ఇందులో అక్షరాలెన్నో చెప్పమని యంత్రాన్ని అడిగాడు. యంత్రం ఆరు అన్నది. గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చున్న మా అన్నయ్య, “ఆరేమిట్రా! తె, లు, గు. మూడే కదా! ఒకటో తరగతి పిల్లవాడిని అడుగు” అన్నారు. గదిలో నవ్వులు. మనవడు తెల్లబోయాడు. వాడికి యంత్రం చెప్పినది సరికాదని తోచింది గాని, ఎందుకు కాదో చెప్పేందుకు తెలుగు రాత రాదాయె.

కారణం మా అమ్మాయి వివరించింది. ప్రపంచ లిపులన్నింటికీ అంకెలు కేటాయించిన యూనికోడ్ అనే పద్ధతిలో, 1991 నాటి తొలి కూర్పు నుంచే తెలుగుకూ చోటున్నది. అయితే అందులో ‘తె’కు ఒక అంకె లేదు. ‘త’కు ఒకటి, ఎత్వానికి ఒకటి. అలాగే ‘ల’, కొమ్ము, ‘గ’, కొమ్ము. వెరసి ఆరు. యంత్రం అచ్చు పోసిన దిమ్మెలను లెక్కిస్తున్నది, అన్నయ్య పలికిన అక్షరాలను లెక్కిస్తున్నారు. ఇద్దరూ నిజమే చెప్పారన్నమాట. అన్నయ్య ఈ రాజీకి ఒప్పుకోలేదు. “నా లెక్క రాని యంత్రం నాకు అబద్ధమే” అని తేల్చేశారు.

మరునాడు మనవడు మమ్మల్ని కుటేలాభాటా వద్దనున్న ఐఐటి ప్రాంగణానికి తీసుకొని వెళ్ళాడు. 2016లో రాయపూర్‌లో తాత్కాలిక వసతిలో మొదలైన ఆ సంస్థకు 2018 జూన్ 14న ఇక్కడ శంకుస్థాపన జరిగింది. భిలాయి కర్మాగారపు విస్తరణను ప్రధానమంత్రి జాతికి అంకితం చేసింది కూడా ఆనాడే. 2024 ఫిబ్రవరిలో ఈ ప్రాంగణం జాతికి అంకితమైంది. అక్కడి విద్యార్థులు ‘ఓపెన్‌లేక్’ పేరిట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం ఒకటి నడుపుతున్నారు. అందరూ చూడగలిగేలా, దిద్దగలిగేలా ప్రోగ్రాములు రాయడం వారి పద్ధతి. విశాలమైన రోడ్లు, కొత్త కట్టడాలు చూచాము. మనవడు గేటు బయట చాలాసేపు నిలబడి, “వాళ్ళకు నాలుగేళ్ళకు ఒక తరం పోయినా, కొత్త తరాన్ని ప్రవేశపరీక్ష పంపిస్తుంది తాతగారూ. మాకు ఎవరు పంపిస్తారు?” అన్నాడు.

అప్పుడు గాని అసలు విషయం బయటపడలేదు. వాడికి హైదరాబాదులో ఉద్యోగమైంది. నెల తిరగకుండా చేరాలి. ఆ రేకుల గది కూటమిని ప్రారంభించింది వాడు కాదు. వాడికన్నా మూడేళ్ళు పెద్దయిన మరొక కుర్రవాడు. అతడు పూణే వెళ్ళిపోయాక ఎనిమిది నెలలు గది మూతపడింది. ఆ ఎనిమిది నెలల్లో చెదిరినవారిలో సగం మంది తిరిగి రాలేదు. ప్లాంటులో ఉద్యోగుల సంఖ్య ఏటేటా తగ్గుతూ వచ్చి, తండ్రి ఉద్యోగం కొడుక్కు వస్తుందన్న ఆశ భిలాయిలో ఎన్నడో పోయింది. పిల్లలు బాగా చదువుతారు. చదివినవారు రైలెక్కుతారు. ఎవరికి ఈ భాష బాగా వచ్చిందో వారే ముందుగా ఊరు విడుస్తారు. నేర్పగలవాణ్ణి పోగొట్టుకోవడమే ఆ గది సాధించే విజయం. మన ఉక్కునగరంలో ఎన్ని ఇళ్ళల్లో ఇదే కథో పాఠకులే చెప్పాలి.

ఆ రాత్రి భోజనాల వద్ద అన్నయ్య మామూలుకన్నా ఎక్కువ మాట్లాడారు. ఆయన చేరిన కొత్తలో ఒక రష్యను నిపుణుని దగ్గర పని నేర్చారట. ఆయనకు హిందీ రాదు, అన్నయ్యకు రష్యను రాదు. దుబాసీ అన్ని వేళలా ఉండడు. బొగ్గుముక్కతో నేలమీద గీసి చూపేవాడట. సరిగా చేస్తే ‘ఖరషో’ అనేవాడు, అనగా బాగున్నదని. తప్పు చేస్తే ఏమీ అనక, గీత చెరిపి మళ్ళీ గీసేవాడు. “ఆయన వెళ్ళిపోయేనాడు ఆ గీతలన్నీ ఒక నోటు పుస్తకంలో వేయించాను. తర్వాత వచ్చిన ఇరవైమందికి ఆ పుస్తకమే గురువు. లాగ్‌బుక్కు రాసి ఛార్జి అప్పగించనిదే మేము షిఫ్టు దిగేవాళ్ళం కాదు. నువ్వేం అప్పగించి వెళ్తున్నావురా?” అని మనవడిని అడిగారు.

వాడు పళ్ళెంలో చూస్తూ ఉండిపోయాడు. కొంతసేపటికి, “ఎవరికి అప్పగించను తాతా?” అన్నాడు.

తర్వాతి ఆదివారం మా తిరుగు ప్రయాణానికి ముందు రోజు. ఆ నడుమ అయిదు రాత్రులు మనవడు ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ముందేసుకొని రాస్తూనే ఉన్నాడు. మా అమ్మాయి బొమ్మలు గీసి పెట్టింది. ఏ పాఠం తర్వాత ఏది, ఎక్కడ కొత్తవారు తడబడతారు, వరుస మొదట విడిచే ఖాళీకి కూడా పైథాన్‌లో అర్థమున్నదని ఎలా నచ్చచెప్పాలి, ఎవరి దగ్గర ఏ ల్యాప్‌టాప్ ఉంది, గది తాళం ఎక్కడ ఉంటుంది – అన్నీ అందులో ఎక్కాయి. చేసిన తప్పుల పట్టికకే పదకొండు పుటలు పట్టింది. అవే అన్నింటికన్నా విలువైనవని మా అభిప్రాయం.

ఆదివారం నాడు వాడు తెలుగు అక్షరాల ప్రోగ్రామును దిద్దుకొని వచ్చాడు. గుణింతపు గుర్తులనూ, పొల్లునూ లెక్కించవద్దని యంత్రానికి చెప్పాడు. ‘తెలుగు’కు మూడు వచ్చింది. ‘భిలాయి’కి మూడు. చప్పట్లు కొట్టారు. అన్నయ్య మాత్రం కుర్చీలోంచి కదలక, “ఉక్కు అని కొట్టు” అన్నారు.

మూడు అన్నది యంత్రం.

“ఉ, క్కు. రెండు” అన్నారు అన్నయ్య.

మనవడు ఎంత చూచినా పట్టుబడలేదు. వెనుక వరుసలో దల్లీరాజహరా గనుల ప్రాంతం నుంచి వచ్చి పాలిటెక్నిక్ చదువుతున్న అమ్మాయి ఉంది. ఇక్కడ పదహారుగురిలో ఆడపిల్లలు నలుగురే. ఆమె అంతవరకు నోరు విప్పగా మేము వినలేదు. ఆమెకు తెలుగు ఒక్క అక్షరం రాదు. లేచి, హిందీలో ‘పక్కా’ అని కొట్టి చూడమన్నది. ఆ లిపికీ అదే పద్ధతిన లెక్కకట్టి చూస్తే ‘ప’, ‘క’, ‘క’ అని మూడే తేలాయి. “మా హలంతే మీ పొల్లు కదా! పొల్లు తర్వాత వచ్చే హల్లు ముందుదానికి అతుక్కొంటుంది. దాన్ని విడిగా లెక్కించకూడదు” అన్నది. అని, తానే ముందుకు వచ్చి ఒక వరుస చేర్చింది. ఉక్కు రెండయింది. ‘స్త్రీ’ ఒకటయింది. ‘బస్’ మాత్రం రెండు దగ్గరే నిలబడింది. చివరి పొల్లును అక్షరంగా ఎంచాలా వద్దా అన్న దానిపై అన్నయ్యకూ మా శ్రీమతికీ జరిగిన వాదన రైలెక్కేవరకు తేలలేదు.

“ఖరషో” అన్నారు అన్నయ్య. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఎవరో చెప్పారు. ఆమె సిగ్గుపడి కూర్చోబోతుంటే మనవడు పొడుగాటి పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె వెంటనే తీసుకోలేదు. తాను చెబితే కుర్రవాళ్ళు వింటారా అని అడిగింది. ఇంటికి చీకటి పడకముందే చేరాలి, నాలుగు గంటలంటే కుదరదన్నది. కుట్టుపని లెక్కల టెక్నీషియను, “మూడు గంటలకే పెట్టుకొందాం. నాకు రాత్రి షిఫ్టు రోజుల్లో అదే నయం” అన్నాడు. మిగిలినవారూ సరేనన్నారు. అప్పుడు పుస్తకం తీసుకొని, మొదటి పుటలో తేదీ వేసి, మన షిఫ్టులలో చేసినట్టే ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవారు ఇద్దరూ సంతకాలు చేయాలన్నది. అన్నయ్య సాక్షి సంతకం తెలుగులో చేశారు.

మేము వచ్చిన మూడు వారాలకు మనవడు హైదరాబాదు చేరాడు. ఆ తర్వాతి ఆదివారం అన్నయ్య ఫోను చేశారు. తొమ్మిదిమందే వచ్చారట. పదవవాడుగా తానే కూర్చున్నారట. ఆ అమ్మాయి నియమం ప్రకారం పాఠం ఒప్పచెప్పలేకపోయారట, వచ్చే వారం మళ్ళీ మొదటి నుంచి కూర్చోమన్నదట.