లెక్కలోకి రాని గుండెలు

సాహిత్యంలో పీహెచ్.డి. చేసినదానివి, గుండె ఆపరేషన్ల లెక్కలతో నీకేం పని అని అడిగిందో స్నేహితురాలు. కథలో ఎవరి గొంతు వినిపించటం లేదో వెతకటమే కదా ఇన్నాళ్ళూ నేను చేసిన పని! ఆసుపత్రి లెక్కల్నీ అలాగే చదువుతున్నాను.

గుండె శస్త్రచికిత్స నాణ్యతకి అన్ని చోట్లా వాడే ముఖ్యమైన కొలత ఒకటుంది. ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు ఎంతమంది చనిపోయారన్నది. రోగికి ముందే ఉన్న ప్రమాదాన్ని కూడా లెక్కగడతారు. 1999లో వచ్చిన యూరోస్కోర్‌లో స్త్రీ కావటానికి ఒక పాయింటు. అందులో శరీరం వాటా ఎంత? మనల్ని ఆలస్యంగా ఆసుపత్రికి తీసుకెళ్ళటం వాటా ఎంత?

మా వీధిలో ఒకావిడ పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. చిన్నప్పుడొచ్చిన కీళ్ళవాతపు జ్వరం గుండె కవాటాన్ని పాడు చేసింది. ఆయాసమంటే రక్తం తక్కువనుకుని ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగింది. చివరికి, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద, హైదరాబాదులో లోహపు కవాటం వేశారు. 30 రోజులు క్షేమంగా దాటింది. లెక్కల్లో ఆమె ఒక విజయం.

ఆ తర్వాతే అసలు కథ. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. ఐ.ఎన్.ఆర్. పరీక్ష తరచూ చేయించాలి. మోతాదు తగ్గితే కవాటం మీద గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. నెలసరి ఎలా ఉంటోందని ఆమెనెవరూ అడగలేదు. గర్భం వస్తే ఆ మాత్ర బిడ్డకి ప్రమాదం, మానేస్తే తల్లికి. "ఆపరేషన్ మంచిగనే చేసిండ్రక్కా. పరీక్షకు పోతే కూలి పోతది, పోకుంటే నేను పోత" అంటుంది.

అసలు ఆపరేషన్ బల్లదాకా చేరనివాళ్ళ మాటేమిటి? ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్ల అధ్యయనం ఒకటి 2011లో అచ్చయింది. ఆపరేషన్ అవసరమని చెప్పిన మగపిల్లల్లో 70 శాతం మందికి చేయించారు, ఆడపిల్లల్లో 44 శాతం మందికే. మిగిలిన ఆడపిల్లలు ఏ ఆసుపత్రి మరణాల పట్టికలోనూ కనిపించరు. వాళ్ళు చనిపోయినా ఆ ఆసుపత్రి నాణ్యత చెక్కుచెదరదు!

అందుకే ఆ పట్టికకి ఇంకొన్ని గడులు కావాలంటాను. సలహా పొందినవాళ్ళెందరు, చేయించుకున్నవాళ్ళెందరు, స్త్రీలూ పురుషులూ విడివిడిగా. ఏడాది తర్వాత, అయిదేళ్ళ తర్వాత ఐ.ఎన్.ఆర్. అదుపులో ఉన్నవాళ్ళెందరు. షిఫ్టు దిగాక చేయించుకోగల పరీక్ష ఇంటికెంత దూరంలో ఉంది. సర్జన్ చేతి నైపుణ్యాన్ని కొలవటం నేర్చుకున్నాం, మంచిదే. ఆ చేతిదాకా రావటానికీ, అక్కణ్ణుంచి ఇంటికెళ్ళి బతకటానికీ ఒక స్త్రీ పడే పాట్లని కూడా కొలిచినప్పుడే అది పూర్తి లెక్క.