గూడెప్పాడ్ నుంచి కాళేశ్వరం దాకా

జనగామ దాటితే రోడ్డు తిన్నగా వరంగల్ వైపు సాగుతుంది. ఒకప్పుడు ఇది 202 నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 163. నంబరు ఏదైనా ఇక్కడివాళ్లకు ఇది పట్నం రోడ్డే. ప్రాణం ఇచ్చినవాళ్లను ఈ నేల మరిచిపోదు. దేవరుప్పుల మండలం కడవెండిలో 1946 జులై 4న తూటాకు ఒరిగిన దొడ్డి కొమురయ్య పేరు బడిపిల్లలకూ తెలుసు. రఘునాథపల్లి దగ్గర ఖిలాషాపూర్ కోట ఎవరిదని అడిగితే సర్వాయి పాపన్నది అని గొర్రెల కాపరి కూడా చెబుతాడు.

ఇదే రోడ్డు మీద, జనగామకు ఇవతల ఘట్‌కేసర్ దగ్గర, 2000 మార్చి 7న మందుపాతర పేలి మంత్రి అలిమినేటి మాధవరెడ్డి చనిపోయారు. అంతకుముందు హోంమంత్రిగా చేసిన మనిషి. నల్లగొండ జిల్లాలో సాగునీటి ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు. ఇవాళ అక్కడి రైతు ‘ఏఎమ్మార్పీ నీళ్లొచ్చినయా’ అని అడుగుతాడు. పేరు పొట్టిదైపోయినా రోజూ జనం నోట్లో ఉంది. అది చిన్న సంగతి కాదు.

స్టేషన్ ఘన్‌పూర్ దాటాక కాజీపేట. 1985 సెప్టెంబర్ 2న ఇక్కడే ఎస్సై యాదగిరిరెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపారు. మరునాడు ఆయన అంతిమయాత్ర సాగిన రోజే పిల్లల డాక్టరు, పౌరహక్కుల నాయకుడు రామనాథం తన క్లినిక్‌లో తూటాలకు బలయ్యారు. ఒక్క రోజు తేడాలో ఈ ప్రాంతం ఇద్దరిని పోగొట్టుకుంది. ఈ దారిలో పోలీసు పేరు ఎత్తేవాళ్లు డాక్టరు పేరునూ గుర్తుపెట్టుకోవాలి. నేను ఆ రెండింటినీ కలిపే తలుచుకుంటాను.

హనుమకొండ వదిలి కొంత దూరం పోతే గూడెప్పాడ్ క్రాస్‌రోడ్డు. తిన్నగా పోతే మల్లంపల్లి, ములుగు. మహబూబాబాద్ నుంచి, అంటే మన మానుకోట నుంచి, నర్సంపేట మీదుగా వచ్చే 365 రహదారి మల్లంపల్లిలోనే కలుస్తుంది. గూడెప్పాడ్‌లో ఎడమకు తిరిగితే పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం. ప్రొఫెసర్ జయశంకర్ పుట్టిన అక్కంపేట ఈ ఆత్మకూరు మండలంలోనిదే. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు భూపాలపల్లికి ఆయన పేరే పెట్టారు. ఒక మాస్టారి పేరు జిల్లాకు పెట్టుకున్నవాళ్లం, ఈ కాళేశ్వరం రోడ్డుకు ఒక పోలీసు పేరు పెట్టుకోలేమా?

ఆ పేరు చదలవాడ ఉమేశ్‌చంద్రది కావాలంటాను. 1991 బ్యాచ్ ఐపీఎస్. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పనిచేశారు, తర్వాత కరీంనగర్ ఎస్పీ అయ్యారు. జనగామ, మానుకోట, భూపాలపల్లి అప్పట్లో వరంగల్ జిల్లావి. కాటారం, మహదేవపూర్ కరీంనగర్‌వి. గూడెప్పాడ్ నుంచి కాళేశ్వరం దాకా రోడ్డంతా ఆయన పనిచేసిన రెండు జిల్లాల నేలే. 1999 సెప్టెంబర్ 4న హైదరాబాద్ ఎస్సార్ నగర్‌లో సిగ్నల్ దగ్గర ఆగిన ఆయన కారు మీద నక్సలైట్లు కాల్పులు జరిపారు. గన్‌మన్, డ్రైవర్ అక్కడికక్కడే పోయారు. చేతిలో ఆయుధం లేకుండానే ఆయన కారు దిగి చంపినవాళ్ల వెంటపడ్డారు. వాళ్లు వెనక్కి తిరిగి కాల్చారు. ఆయనకు 33 ఏళ్లు. ఎస్సార్ నగర్ చౌరస్తాలో విగ్రహం ఉంది, రోజూ వేల బండ్లు దాని పక్కనుంచే పోతాయి. ఆయన తిరిగిన అడవి దారిలో మాత్రం ఒక్క పలక లేదు.

ఆ రోజుల్లో ఇక్కడ జరిగిన ఎన్‌కౌంటర్ల మీద హక్కుల సంఘాలు ప్రశ్నలు వేశాయి. ఆ ప్రశ్నలు అలాగే ఉంటాయి, ఉండాలి కూడా. రోడ్డుకు పేరు పెట్టినంత మాత్రాన వాటి నోరు మూతపడదు. ఎదురుగా తుపాకీ ఉందని తెలిసీ వట్టి చేతులతో పరుగెత్తిన మనిషిని గౌరవించడానికి ఆ ప్రశ్నలు అడ్డం రాకూడదు.

పరకాలలో అమరధామం ముందు బస్సు ఆగుతుంది. 1947 సెప్టెంబర్ 2న జెండా ఎత్తినందుకు ఇక్కడ కాల్పుల్లో పోయినవాళ్ల గుర్తుగా కట్టిన కట్టడం అది. రేగొండ, చెల్పూరు పవర్ ప్లాంటు పొగగొట్టాలు, భూపాలపల్లిలో సింగరేణి లారీల దుమ్ము. కాటారం దాటాక అడవి రెండు వైపులా దగ్గరికి వస్తుంది.

ఈ రోడ్డు మీద నేను చూసేది కల్వర్టులను. మోకాలెత్తు గోడ, కింద సిమెంటు తూము, వాన లేనప్పుడు ఎండుటాకులు. మందుపాతర పెట్టేది అలాంటి తూములోనే. అందుకే పోలీసులు జీపులు దూరంగా ఆపి, దిగి, కల్వర్టు కిందికి వంగి చూసి, నడిచి దాటేవాళ్లు. ముందు వంగి చూసేవాడు కానిస్టేబుల్. అతని పేరు ఏడాదికి ఒక్కసారి, అక్టోబర్ 21న వినిపిస్తుంది. 1959లో లడఖ్ హాట్ స్ప్రింగ్స్‌లో పదిమంది పోలీసులు పోయిన రోజు అది. ప్రతి జిల్లా కేంద్రంలో తుపాకులు తలకిందులు చేసి నిలబడి, ఆ ఏడు పోయినవాళ్ల పేర్లు చదువుతారు. మర్నాడు ఆ కాగితం ఫైల్లోకి పోతుంది.

కాలిఫోర్నియాలో న్యూమన్ అనే చిన్న ఊరు ఉంది. ఫిజీ నుంచి వెళ్లి అక్కడ పోలీసైన రోనిల్ సింగ్‌ను 2018 డిసెంబర్ 26న, బండి ఆపి తనిఖీ చేస్తుండగా కాల్చేశారు. ఆ ఊరి మీదుగా పోయే 33వ నంబరు రోడ్డులో కొంత భాగానికి ఆయన పేరు పెట్టారు. అక్కడ పద్ధతి ఇది: చట్టసభ తీర్మానం చేస్తుంది, బోర్డు ఖర్చు విరాళాలతో వస్తుంది, నంబరు నంబరుగానే ఉంటుంది. సర్కారు మీద భారం లేదు. మనకు చేతకానిది అందులో ఏముంది?

కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. వంతెన దాటితే సిరొంచ, మహారాష్ట్ర. ఆ వంతెన ఇవతల మొదటి బోర్డు ఉండాలి: ఉమేశ్‌చంద్ర పేరు, దాని కిందే, అంతే అక్షరాలతో, ఆయనతో పాటు పోయిన గన్‌మన్ పేరు, డ్రైవర్ పేరు. పేలుడు జరిగిన ప్రతి కల్వర్టు గోడ మీద అక్కడ పోయిన కానిస్టేబుల్ పేరు, ఊరు, తేదీ. భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ ఎమ్మెల్యేలకు నా మనవి ఒక్కటే: వచ్చే అక్టోబర్ 21 లోపు శాసనసభలో ఈ తీర్మానం పెట్టండి.