అది రాయి కాదు

దక్షిణ అండమాన్‌లోని వండూర్ రేవులో పడవ ఎక్కేవారి సంచులను ముందుగా సోదా చేస్తారు. వెదికేది ఆయుధాల కోసం కాదు, ప్లాస్టిక్ కోసం. నా బిస్కెట్ పొట్లం ఒడ్డునే ఉండిపోయింది. మంచినీళ్ళ సీసాకు ధరావతు కట్టి, తిరిగివచ్చాక సీసా చూపి ఆ సొమ్ము వాపసు తీసుకోవాలి. ఇంత పట్టింపు ఎందుకని నాకు కొంచెం విసుగు కలిగిన మాట నిజం.

మహాత్మా గాంధీ సముద్ర జాతీయోద్యానానికి ఈ రేవే ముఖద్వారం. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఇది సుమారు 30 కిలోమీటర్ల దూరం. 1983లో ఏర్పడిన ఈ ఉద్యానంలో 15 దీవులున్నాయి. యాత్రికులను జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు ఋతువును బట్టి వంతులవారీగా అనుమతిస్తారు. ఒక దీవి అతిథులను ఆదరిస్తుండగా రెండవది విశ్రమిస్తుంది.

పడవ మడ అడవుల నడుమ సాగింది. ఉప్పునీటి మొసళ్ళు సంచరించే పాయలవి. తెల్లపొట్ట సముద్రపు గద్ద ఒకటి మా తలల మీదుగా ఎగిరిపోయింది. జాలీబాయ్‌లో అడవికీ అలలకూ మధ్య సన్నని ఇసుక తీరం తప్ప మరేమీ లేదు. దాని వెంబడి నడుస్తుంటే, శంఖాలను ఇళ్ళుగా చేసుకున్న సన్యాసి పీతలు నా అడుగుల చప్పుడుకు ముడుచుకుపోయేవి.

నాకు ఈత రాదు. కళ్ళకు అద్దం, నోటికి స్నార్కెల్ గొట్టం తగిలించుకొని, గాలి నింపిన చక్రాన్ని పట్టుకుని నీటిలోకి దిగాను. చక్రాన్ని నడిపించే యువకుడు తెలుగువాడు. అతని తాతగారు శ్రీకాకుళం తీరం నుండి చేపలవేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. జింకకొమ్ములవలె చీలిన పగడాలు, వాటి సందుల్లో పసుపు, నీలం చేపలు. అంతలో గొట్టంలోకి నీరు చేరింది. ఊపిరాడక, భయంతో కాలు ఆనే చోటు కోసం వెదికాను. ఏదో గట్టిగా తగిలింది.

“కాలు దించకండమ్మా! అది రాయి కాదు, పేణమున్నది!” అని అతను కేక వేశాడు.

నన్ను చక్రం మీదికి లాగి, వెంటనే నీటిలో మునిగాడు. నా కాలు గీసుకున్నదో లేదో చూడటానికి కాదు, పగడం విరిగిందో లేదో చూడటానికి. వేలెడంత కొమ్మ విరిగి పడి ఉన్నదట. తెచ్చి చూపమని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. విరిగిన ముక్కనైనా ఇక్కడి నుండి తీసుకుపోరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం పులికి వలెనే పగడానికీ రక్షణ కల్పించింది.

ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు పుస్తకాలను తెలుగు చేస్తున్నాను. “పగడపు దిబ్బ” అని ఎన్నిసార్లు వ్రాశానో! దిబ్బ అనగానే మనసుకు తోచేది జీవం లేని కుప్ప. అక్కడ ఉన్నదో, సున్నపు గూళ్ళు కట్టుకొని బతికే కోటానుకోట్ల చిన్న ప్రాణులు. వాటి దేహాల్లో నివసించే సూక్ష్మమైన నాచు వాటికి ఆహారాన్నీ రంగునూ ఇస్తుంది. సముద్రం మితిమీరి వేడెక్కితే ఆ నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబారుతుంది. 2010లో ఈ దీవుల చుట్టూ అదే జరిగింది. బండల్లా పెరిగే పగడాలు ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరే ఎదుగుతాయి. వేడిని ఆపడం ఒక్కరి చేతిలో లేదు. కాలిని ఆపుకోవడం మాత్రం ఎవరి చేతిలో వారికి ఉన్నది.

ఈత రానివారికి ఒక మనవి. మొదట ఇసుక అడుగున్న చోట, నడుము లోతు నీటిలో నిలబడి, గొట్టంతో ఊపిరి పీల్చడం అలవరచుకోండి. భయం తీరిన తరువాతే పగడాల మీదికి సాగండి. నేను ఆ పని చేసి ఉండవలసింది.

సాయంత్రం వండూర్‌లో సీసా చూపించి ధరావతు వాపసు తీసుకున్నాను. ఈసారి విసుగు కలుగలేదు.