తిండి ముట్టని జెర్రిపోతు

బాలలూ! సిరిసిల్లలో దిగగానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. అక్కడినుంచి వేములవాడ మీదుగా కోరుట్లకు, ఆపైన జగిత్యాలకు పోతుంటే దారి పొడవునా వరి, పసుపు, మొక్కజొన్న చేలే. గింజలున్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోటికి జెర్రిపోతులు వస్తాయి.

ఒక నాగుల పంచమికి నేను ఆ దారినే వెళుతూ కోరుట్లలో బంధువుల ఇంట దిగాను. ఆ ఇంటి కుర్రవాడు నన్ను చాటుకు పిలిచి ఒక కుండ చూపాడు. అందులో జెర్రిపోతు పిల్ల!

"ఐదు దినాలాయె తాతా! పాలు పోసిన, అన్నం పెట్టిన. ఏమీ తింటలేదు. చచ్చిపోతదా?" అన్నాడు కళ్లనీళ్లతో.

నేను వాడికి చెప్పిందే మీకూ చెబుతాను. పాము పాలు తాగి పెరిగే జంతువు కాదు. దప్పికకొద్దీ తాగినా, పాలు దానికి అరగవు. కప్పలు, ఎలుకలు దాని ఆహారం. అవి ఎదుట ఉన్నా, బెదిరిన పాము ముట్టదు. దానికి దాక్కునే చోటు కావాలి. మనలాగా దాని ఒంట్లో వేడి పుట్టదు గనుక, వెచ్చదనమూ కావాలి; లేకుంటే తిన్నది అరగదు. కుబుసం విడిచేముందు కూడా చాలా పాములు తినవు. కొన్నాళ్ల పస్తుకు పాము చావదు; చెరే దానికి చేటు.

"ఐతే ఏం జెయ్యాలె?"

"పామును పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, నాయనా! పైగా నాగుబామును చూసి జెర్రిపోతనుకుంటే ప్రాణానికే ముప్పు."

అటవీశాఖకు కబురు చేశాం. వాళ్లు వచ్చి దాన్ని జగిత్యాల దారిలో పొలంగట్టున వదిలారు. మడిలో కప్పలు బెకబెకమంటున్నాయి. పాము చరచరా అటే పోయింది.

"ఇగ తింటది!" అన్నాడు కుర్రవాడు.