అమ్మీ పన్ను, అత్త చుట్ట



రమజాన్‌కి రెండు నెలల ముందు మా అమ్మీకి కింది దవడ పన్ను దర్ద్ మొదలైంది. లవంగం పెట్టుకుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, మెడికల్ షాపు గోలీలు మింగింది. నాలుగో రోజుకి దర్ద్ పోయింది. "అల్హందులిల్లాహ్, షిఫా అయిపోయింది" అని సంబరపడింది. నెల తిరక్కుండానే చెంప వాచిపోయింది.

పంటి లోపలి నరం చచ్చిపోతే నొప్పి తెలీదట. చీము మాత్రం వేరు కింద తన కామ్ తాను చేసుకుంటూ పోతుందట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

ముందు విజయనగరం బజారులో పళ్ళు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. గలతీ నాదే. షుగర్ ఉందా అని అడగలేదు, చేతులు కడుక్కోలేదు, నేరుగా పట్టకారు తీశాడు. అమ్మీ చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను.

తర్వాత ఒక బీడీఎస్ డాక్టరమ్మ దొరికింది. ఆమె మీద భరోసా ఎందుకు కుదిరిందంటే, ముందు షుగర్ టెస్టు రాసింది, వేసుకునే గోలీలన్నీ అడిగింది, ఎక్స్‌రే తీసింది, ఖర్చెంతో మొదటే చెప్పింది. సామాన్లు సీలు కవర్లోంచి తీసింది. మీరు వెళ్ళినా ఇవే చూసుకోండి.

"పీకించేస్తే కిస్సా ఖతమ్ కదా బేటీ?" అంది అమ్మీ. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. వేరు గట్టిగా ఉంది, రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుందంది. పంటిలో సన్నటి నాళాలుంటాయి. వాటిలో కుళ్ళిందంతా సన్నటి ఫైళ్ళతో గీకి, కడిగి, గట్టాపెర్చా అనే చెట్టుపాలతో తయారైన రబ్బరులాంటి పదార్థం నింపుతారు. నరం లేని పన్ను పెళుసు కాబట్టి పైన క్యాప్ తొడుగుతారు. క్యాప్ దగ్గర కక్కుర్తి పడితే పన్ను పగిలి, పెట్టిన పైసలన్నీ వృథా. మూడు సిట్టింగులు పట్టింది.

రెండో సిట్టింగుకి పక్కింటి అత్త తోడొచ్చింది. అత్తది భీమిలి వైపు సముద్రపొడ్డు ఊరు. అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి. మన ఉత్తరాంధ్ర ముసలమ్మల్లో ఇది పాత ఆదత్. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టర్లు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు చూశారు. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి మీదే మచ్చలు, పుళ్ళు, క్యాన్సర్లు కనిపించాయి.

"నాకేటవుద్ది? నలభై ఏళ్ళ బట్టి తాగుతున్నాను" అని అత్త శరం పడుతూనే నోరు తెరిచింది. అంగిలి మీద తెల్లటి పొర, మధ్యలో ఎర్రటి మచ్చ. డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. సంగివలస డెంటల్ కాలేజీకి రాసింది. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. టైం పడుతుంది గానీ ఖర్చు తక్కువే.

రిపోర్టు వచ్చేదాకా అమ్మీ రోజూ ఫజర్ తర్వాత దువాలో అత్త పేరు తీసింది. తన పన్ను సంగతే మరిచిపోయింది. క్యాన్సర్ లేదు, కానీ చుట్ట మానాల్సిందే, ఆర్నెల్లకోసారి చూపించుకోవాల్సిందే అన్నారు.

మొన్న ఇఫ్తార్‌కి ముందు అత్త మా అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించింది. అమ్మీ చూసింది.

"నిప్పు బయటికే తిప్పాను కదా వదినా!" అంది అత్త.

అమ్మీ ఏమీ అనలేదు. చుట్ట లాక్కుని వజూ బక్కెట్లో ముంచి, అత్త చేతిలో ఒక ఖజూర్ పెట్టింది.