సాంచాల చప్పుడు, స్పీకర్ల ఎంపిక

సూరత్, లింబాయత్
2025 జనవరి 5, ఆదివారం

రింగు రోడ్డు దగ్గర షాపులో రెండు ఆంప్లిఫైయర్లు విన్నాం: డెనాన్ పీఎంఏ-600ఎన్ఈ, మరాంట్జ్ పీఎం6007. కాగితం మీద రెండూ 8 ఓముల స్పీకర్‌కు 45 వాట్లే. రెండోది మోగగానే బావ, "ఇదే మంచిగున్నది, పాట నిండుగ వస్తున్నది" అన్నాడు. నాకైతే అది కొంచెం గట్టిగా మోగిందని అనుమానం. శబ్దం తగ్గేకొద్దీ చెవికి ముందు బేస్ తగ్గుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. అందుకే ఒక్క డెసిబెల్ పెరిగినా గట్టిగా ఉందనిపించదు, బాగుందనిపిస్తుంది. ఈసారి రెండింటి శబ్దం సమానం చేయడానికి కార్ఖానా నుంచి మల్టీమీటర్ తీసుకెళ్లాలి. ఒకే టోన్ పెట్టి స్పీకర్ వైర్ల దగ్గర వోల్టేజీ చూడాలి. ఒకదానికి 2 వోల్టులు వస్తే రెండోదానికీ అంతే రావాలి. 0.02 తేడా ఉన్నా దాదాపు 0.1 డెసిబెల్.

జనవరి 8, బుధవారం

షిఫ్టు దిగి వచ్చి పాట పెడితే తాళాల మెరుపే లేదు. నిన్నటి స్పీకరే, నిన్నటి పాటే. మందగించింది చెవి. సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య రోజంతా ఉంటే ముందు దెబ్బతినేది 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. తాళం, వయొలిన్ అంచు, మాటల్లో హల్లుల స్పష్టత చాలావరకు ఆ చుట్టుపక్కలే. విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. ఏళ్ల తరబడి ఇదే పనైతే తేరుకోదు. ఈ చెవితో షాపుకెళ్తే చెవులు గీరే స్పీకరే నచ్చుతుంది. సెలవు రోజు పొద్దున్నే వెళ్లాలి. అసలు ఆంప్లిఫైయర్ కంటే ముందు కొనాల్సినవి ఇయర్‌ప్లగ్‌లు.

జనవరి 14, మంగళవారం

ఉత్తరాయణ్. ప్రతి డాబా మీదా గాలిపటాలు, మనిషంత స్పీకర్లు. బయట గోడలుండవు, బేస్ గాలిలో కలిసిపోతుంది. అందుకే అంత సైజు. మా గది సంగతి వేరు. 10 అడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే 56 హెర్ట్జ్ దగ్గర గదే మోగుతుంది. షాపు హాల్లో విన్న బేస్ ఇక్కడ రాదు. స్పీకర్లు ఇంటికి తెచ్చి వినడానికి ఒప్పుకుంటేనే బేరం.

జనవరి 19, ఆదివారం

వోల్టేజీలు సరిచేశాం. ఆంప్లిఫైయర్ల మీద బట్ట కప్పి బావ మార్చాడు, ఏది మోగుతోందో నేను కాగితం మీద రాశాను. తర్వాత ఆయన వంతు. ఇద్దరిదీ బొమ్మా బొరుసు వ్యవహారమే అయింది. టూల్, ఆలివ్ అనే పరిశోధకులు 1994లో స్పీకర్లతో ఇలాంటి పరీక్షే చేశారు: పేరూ రూపూ కనిపిస్తున్నప్పుడు ఇచ్చిన మార్కులు, తెర వెనక పెట్టినప్పుడు మారిపోయాయి.

స్పీకర్ల తేడా మాత్రం బట్ట కప్పినా దాగలేదు. ముందు 'మాయాబజార్' (1957) పెట్టాం. అది మోనో, కాబట్టి గొంతు రెండు స్పీకర్ల నడిమధ్య నిలబడాలి. ఒక స్పీకర్ వైర్లు తారుమారైతే గొంతు చెదిరిపోతుంది, బేస్ మాయమవుతుంది. ఆ తర్వాత ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' (1986). ఒక జతలో వయొలిన్లు విడివిడిగా వినిపించాయి, ఇంకో జతలో ఒకే ముద్ద.

జనవరి 26, ఆదివారం

లెక్క తేలింది. గది చిన్నది, 45 వాట్లు ఎక్కువే. ఆంప్లిఫైయర్ తక్కువ ధరది, మిగిలిన డబ్బు స్పీకర్లకు. స్పీకర్లు మూలకు ఆనించకూడదు. ఎదురు గోడకు తెర కట్టాలి. ఈ ఊళ్లో బట్టకు కొదవ లేదు గానీ పల్చటి పాలిస్టర్ చప్పుడును ఆపదు. మందపాటిది కుచ్చులు పోసి, గోడకు కాస్త ఎడంగా వేలాడదీయాలి. దాంతో తాళాల ప్రతిధ్వని తగ్గుతుంది, 56 హెర్ట్జ్ మోత మాత్రం తగ్గదు.

బావ ఇంకా ఖరీదైన ఆంప్లిఫైయర్ మీదే ఉన్నాడు. "ఇంటికొచ్చినోళ్లు ముందు దాన్నే చూస్తరు గద" అంటాడు. అదీ నిజమే. అయితే ఆ ఖర్చు పాట ఖాతాలో రాయను.