సున్నా వచ్చిందంటే అంతా మంచిగున్నట్టేనా?



"కంప్యూటర్ల మీద ఏం చేస్తున్నరు?" అని చాలామంది అడుగుతున్నరు. మేం నలుగురం నాంపల్లిల ఒక హాస్టల్ రూమ్‌ల ఉంటం. మా ఇండ్లల్ల కాలేజీకి వచ్చింది మేమే మొదలు. ఇప్పుడు లినక్స్ కెర్నల్‌ల ఫైల్‌సిస్టమ్ కోడ్ చదువుతున్నం.

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ల ఫోటో ఎక్కడ దాచాలె, ఎట్ల తీయాలె అని చూసుకునేది ఫైల్‌సిస్టమ్. అందులో పనంతా చిన్న చిన్న ఫంక్షన్లు చేస్తయి. పని అయినంక ప్రతిదీ తనను పిలిచినదానికి జవాబు చెప్తది. సున్నా అంటే పని అయింది. మైనస్ 2 అంటే ఫైల్ లేదు. మైనస్ 5 అంటే చదువుడు, రాసుడుల దెబ్బ తగిలింది. మైనస్ 28 అంటే జాగ లేదు.

తిరకాసు ఏందంటే, "ఉందా?" అని అడిగే ఫంక్షన్‌ల సున్నా అంటే లేదు. అందుకే కెర్నల్ నియమం ఒకటుంది: పేరు పని చెప్పేదైతే ఎర్రర్ నంబర్ ఇయ్యాలె, ప్రశ్న అయితే అవును, కాదు చెప్పాలె. 2018ల 4.17 వెర్షన్ల పేజ్ ఫాల్ట్ జవాబులకు వేరే రకం పెట్టింది కూడా ఇట్ల ఒకదాంట్ల ఒకటి కలవొద్దనే.

కొన్ని ఫంక్షన్లు ఎప్పుడూ సున్నానే చెప్తయి. అసొంటివాటిని జవాబే లేని 'వాయిడ్'గా మార్చుడు ఒక శుభ్రం పని. కానీ ముందు లోపల చూడాలె. లోపలిది మైనస్ 5 అంటుంటే పైది దాన్ని మింగి సున్నా చెప్తుండొచ్చు. అప్పుడు తీసేయాల్సింది జవాబును కాదు, నిజం జవాబును పైకి పంపాలె. లేకుంటే ఫోటో సేవ్ అయిందనుకొని మనం అసలుదాన్ని డిలీట్ చేస్తం.

ఇది చదివినంక మాకు ఇంటి ఫోన్లు యాదికొచ్చినయి. ఎప్పుడు చేసినా "మంచిగనే ఉన్నం బిడ్డా" అంటరు. పోయిన వానాకాలం మాల ఒకరి నాయినకు మూడు వారాలు జ్వరం. పరీక్షలున్నయని ఇంట్ల చెప్పలే. వాళ్లది ప్రేమనే. కానీ తెలిస్తే మందులకన్నా పైసలు పంపేటోళ్లం.

ఇప్పుడు "మంచిగున్నరా?" అని అడుగుతలేం. జ్వరం ఎన్ని రోజులు, ఆశా అక్క వచ్చిందా, బియ్యం ఎన్ని ఉన్నయి అని అడుగుతున్నం. కెర్నల్‌ల కొన్ని ఫంక్షన్లకు 'మస్ట్ చెక్' అని గుర్తు పెడ్తరు. వాటి జవాబు పట్టించుకోకపోతే కంపైలర్ హెచ్చరిస్తది. ఇంటి ఫోన్‌కు కంపైలర్ లేదు, మనమే అడగాలె.

సీ భాష మొదలుపెట్టాలనుకునేటోళ్లు ఆదివారం పొద్దుగాల అబిడ్స్ రండి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు దొరుకుతయి, కలిసి ఏరుకుందాం.